ముత్యాలుకి తోడు పడలేదు

శుద్ధ తదియ, పాటు వేళ

గోడా, వింటున్నావా. ఇది తోడుగది చిట్టా, చెప్తున్నది నూకరత్నం. పోయిన నెల పేరు చెప్పడం మరిచిపోతే నా మాటలన్నీ తీసుకెళ్ళి పీతల గంపల లెక్కలో కలిపేశావు. మా తెప్ప పెద్ద గరికయ్య కనపడినప్పుడల్లా నవ్వాడు. అందుకని మళ్ళీ చెప్తున్నాను, నూకరత్నం, ఈ తెప్ప మీద తోడు పెట్టే మనిషిని.

పొద్దున్నే జాడీలు బూడిదతో తోమాను. తెప్ప కిందికి గొట్టం దించి కొత్త నీళ్ళు లాగాను. కింద మునిగిన ఊరి మురుగు ఇంకా ఊరుతూనే ఉంది, తోడు దొరికేది ఆ మురుగులోనే. జబ్బు పురుగుల్ని తినే పురుగులు అందులో బతుకుతాయి, కంటికి ఆనవు. మా అమ్మమ్మ కాలంలో బిళ్ళలుండేవి. ఇప్పుడూ ఉన్నాయి, అర అడుగున. జబ్బు పురుగులకి అవి పప్పుబెల్లాలైపోయి చాలా ఏళ్ళయింది.

ఎవరికి ఏ తోడు పడుతుందో ముందే తెలియదు. జబ్బు బిడ్డ కళ్ళె తీసి చేపగంజిలో కలిపి వెచ్చగా పెడితే పురుగులు పెరిగి గంజి మసకబారుతుంది. దాన్ని సీసాల్లో పోసి ఒక్కో సీసాలో ఒక్కో జాడీ చుక్క వేస్తాను. ఏ సీసా తేటపడితే అది ఆ బిడ్డకి తోడు. పాలకి తోడేసినంత సులువని మనవాళ్ళు అనుకుంటారు. వాళ్ళు పాలు చూసి ఎన్నాళ్ళయిందో.

ఇవాళ మా ఇళ్ళ వరసలోని అప్పయ్యమ్మ పిన్ని మనవరాలిని తీసుకొచ్చింది. వెనక కోడలు దేముడమ్మ. కొడుకు నాచు పడవల మీద దూరం పోయి ఉన్నాడు. పిల్ల పేరు ముత్యాలు, ఇంకా పాకడం రాలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది, డొక్కలెగరేస్తోంది. చెవి ఆనించి విన్నాను. కుడి పక్క కింద భాగంలో గాలి ఆడుతున్నట్టే లేదు.

"ఎల్లాజీకి కూడా ఇలాగే మొదలయ్యింది అప్పా," అంది దేముడమ్మ. నన్ను అక్కలా అప్పా అనే పిలుస్తుంది.

ఎల్లాజీ దాని మొదటి కొడుకు. పోయిన వానల్లో ఇదే గదిలో ఇదే దగ్గు. ఏ తోడూ పనిచెయ్యలేదు. చివరికి నేను నీకు చెప్పిన మాట నీకూ తెలుసు గోడా. నీకు తెలిసినవి రెండే మాటలు. తోడు పడితే "పడింది." మూడు తోడులు వేసినా నిమ్మళించకపోతే "మొండి." ఆ రెండో మాట చెప్పగానే నువ్వు వెలిపడవకి కబురు పెడతావు. పున్నమికో అమావాస్యకో పెద్ద పోటు మీద, మునిగిన మేడల పైగా అది వస్తుంది, మొండి జబ్బు పిల్లల్ని వెలితెప్పకి తీసుకుపోతుంది. తల్లుల్ని ఎక్కించుకోదు. అలా వెళ్ళి తిరిగొచ్చిన బిడ్డని నేనింతవరకూ చూడలేదు. ఎల్లాజీ పడవ వచ్చేలోపే పోయాడు. అదే నయమని అప్పుడు దేముడమ్మే అంది.

"నోటెంట ఆ మాట రానీకు," అని కోడల్ని కసిరింది పిన్ని. "రత్నం ఉంది. సూసుకుంటాది."

చూసుకుంటానని నేనూ అన్నాను. అనకపోతే ఎలా.

పంచమి, పోటు వేళ

గంజి మసకబారింది. మూడో అరలోని జాడీ చుక్కకి సీసా తేటపడింది, వాననీళ్ళంత తేటగా. సంతోషమేసింది. తోడుని తుంపర చేసి పొద్దున్నా సాయంత్రం పిల్ల చేత పీల్పిస్తున్నాను. ముఖానికి గిన్నె పెడితే నా వేలు పట్టుకుని చప్పరిస్తుంది. పళ్ళు రాబోతున్నాయి.

నా గదికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క నారతడిక. పిన్ని స్నానం చేయించే చప్పుడు వింటూ పని చేసుకున్నాను. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద బోర్లేసి, నీళ్ళు తప్పుతప్పున పోస్తుంటే ముత్యాలు ఊఁ కొడుతుంది. ఈ తెప్ప మీద పుట్టిన పిల్లలందరూ ఆ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే, నా పిల్లలతో సహా. స్నానం అయ్యాక ఎత్తుకుని వాసన చూశాను. నూనె వాసన కూడా లేదు, ఒట్టి పిల్ల వాసన.

"పాత నువ్వులనూనె గుర్తుందా రత్నం," అంది పిన్ని. "సుక్కేస్తే సాలు, దగ్గీ తుమ్మీ పిల్ల గుంటలు నానా యాగీ సేసీవోరు. ఈ నాచునూనె బంగారవే. ఏసినట్టే తెలీదు వాళ్ళకి."

స్నానం ఆపొద్దని చెప్పాను. దాని ప్రాణానికి అదొక్కటే సుఖంగా ఉంది.

అష్టమి, పాటు వేళ

సీసా తేటపడింది కానీ పిల్ల తేరుకోలేదు. ఇంకో తోడు వేశాను. దానికీ అంతే. జ్వరం రాత్రికి తగ్గినట్టే తగ్గి తెల్లారికి మళ్ళీ. పాలు తాగుతూ తాగుతూ ఆయాసంతో వదిలేస్తోంది. చంటిపిల్ల ఆకలేసి కూడా తాగలేకపోతే చూడ్డం చాలా కష్టం గోడా. నీకు కళ్ళు లేకపోవడం నీ అదృష్టం.

పెద్ద గరికయ్య గుమ్మంలో నిలబడి అడిగాడు. లోపలికి రాలేదు, భయం.

"ఇంకో తోడు మిగిలుంది కదా?"

"ఉంది."

"అదీ పడకపోతే?"

"పడకపోతే అప్పుడు అడుగు పెద్దా. ఇప్పుడెందుకు తొందర?"

"నాకేటి తొందర? తెప్ప మీద ఇంకా పిల్లలున్నారు. అందులో నా మనవలూ ఉన్నారు," అన్నాడు. అబద్ధమేమీ కాదు.

అతను వెళ్ళేదాకా దేముడమ్మ పిల్లని చీర కుచ్చెళ్ళలో దాచి, దగ్గు వినపడకుండా తనే దగ్గుతూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పేసుకుని జాడీలు సర్దాను.

ఏకాదశి, పోటు వేళ

మూడో తోడు కోసం కొత్తగా కళ్ళె తీసి గంజిలో కలిపాను. గంజి మసకబారలేదు. రోజంతా వెచ్చగా పెట్టినా పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పైగా మీద చిన్న చిన్న కళ్ళు తేలుతున్నాయి, చేపలపులుసు దించేముందు తేలినట్టు.

నూనె.

నన్ను నేనే తిట్టుకున్నాను. నిన్న నెత్తళ్ళు వేయించిన చేత్తో గిన్నె ముట్టుకున్నట్టున్నాను. ఇంత వయసొచ్చినా శుభ్రం రాలేదు నాకు. అన్నీ మళ్ళీ బూడిదతో తోమి, మరిగించి, మళ్ళీ కళ్ళె తీశాను. ఈసారి ముక్కు దగ్గరది కాదు. సన్న గొట్టం లోపలిదాకా దించి, ఉప్పునీళ్ళ తుంపర కొట్టి, దగ్గిన వెంటనే లాగాను. ముత్యాలు నీలంగా అయి మళ్ళీ తేరుకుంది. దేముడమ్మ నా భుజం మీద గోళ్ళు దిగేలా పట్టుకుంది.

మూడో తోడు ఇవాళే వేసేశాను, ఎందుకంటే వేయకుండా ఉండే ధైర్యం లేదు.

ద్వాదశి, పాటు వేళ

మళ్ళీ మసక లేదు. మళ్ళీ నూనె, ఇంకా ఎక్కువ.

మాటపెట్టెలో కొండ ఆస్పత్రిని పిలిచాను. అంటుజబ్బు పిల్లల్ని వాళ్ళు రానివ్వరు, సలహా మాత్రం చెప్తారు. డాక్టర్ తబస్సుమ్ దొరికింది. మనిషిని ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం పదేళ్ళుగా తెలుసు.

"మసక లేదంటే పురుగు లేదు రత్నం గారూ. మీరు మొదట వేసిన తోడే పని పూర్తి చేసింది," అంది.

"మరి పిల్ల ఎందుకు తగ్గట్లేదమ్మా?"

"నూనె తేలిందన్నారు. లోపలి నుంచి లాగిన దాన్లోనేనా?"

"లోపలిదే. గిన్నెలు మరిగించాను."

"ఇంకా అన్నం కూడా తినని పిల్ల. ఊపిరితిత్తుల్లో నూనె ఎలా ఉంటుందండీ?" అంది, నన్ను కాదు, తనని తానే అడుగుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే తడిక అవతల నీళ్ళ చప్పుడు మొదలైంది. తప్పు తప్పున. నేను పెట్టె అలాగే వదిలేసి లేచి వెళ్ళాను.

ఎన్ని స్నానాలు చూశానో. నా పిల్లలవీ చూశాను. ఇవాళ చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. పిన్ని నీళ్ళు పోయడం అయ్యింది. పిల్లని వెల్లకిలా తిప్పింది. పక్కనున్న చిప్పలోంచి అరచేతిలోకి నూనె వంచుకుంది. బొటనవేలు ఆనించి ధారగా ఒక ముక్కులో, తర్వాత రెండో ముక్కులో వదిలింది. వదిలి, వంగి, ఎంతో ముద్దుగా ముక్కులోకి ఉఫ్ అని ఊదింది. ఉప్పుగాలికి ముక్కు ఎండిపోకుండా. ముత్యాలు తుమ్మలేదు. దగ్గలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని నాయనమ్మ మొహంలోకి చూస్తూ అంతా మింగింది, గాలితో పాటు.

రెండోసారి నూనె వంచుకుంటున్న చెయ్యి పట్టుకున్నాను.

"అంతేస్తావేటి పిన్నీ? నా పిల్లలకి ఒక్క చుక్కే వేసీదానివి కదా."

"పరాయి పిల్లలకి సుక్క," అంది నవ్వుతూ. "మన గుంటలకి దోసెడు. నా మనవరాలికి కూడా పిసినారితనం సేస్తానేటి? ఊపిరాడక అల్లాడిపోతందని రెండు పూటలా ఏస్తన్నాను."

చిప్ప లాక్కున్నాను. గదిలో మాటపెట్టె నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

త్రయోదశి, పోటు వేళ

డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆవిడ తప్పు పట్టలేదు. పాత నూనెలు గొంతుకి ఘాటుగా తగిలేవట, పిల్లలు దగ్గి బయటికి తోసేసేవాళ్ళట. వాసనా రుచీ లేని ఈ నూనె గొంతుకి తెలియకుండానే జారిపోతుందట. ఊపిరితిత్తుల్లో పేరుకుని అక్కడ పుండులా తయారవుతుందట. దానికి ఏ తోడూ పనిచెయ్యదు, తినడానికి అక్కడ పురుగే లేదు. నూనె మానెయ్యాలి. కొండ ఆస్పత్రిలో సన్న గొట్టంతో కొంచెం కొంచెంగా ఉప్పునీళ్ళతో లోపల కడగాలి. "తీసుకురండి. బతికే వీలుంది. కానీ ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను," అంది.

కొండకి పోగలిగిన పడవ ఒక్కటే ఉంది. వెలిపడవ.

తడిక అవతల పిన్ని అన్నీ విన్నట్టుంది. సాయంత్రం వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఉత్తప్పుడు కూర్చుంటే కాళ్ళు చాపుకుంటుంది. ఇవాళ ముడుచుకుంది.

"రత్నం. ఎల్లాజీకి కూడా నాను దోసెడే ఏసీదాన్ని."

నేను సీసాలు సర్దబోయాను.

"సెప్పవే."

"నాకు తెలీదు పిన్నీ. వాడి గంజిలో నూనె ఉందో లేదో అప్పుడు నేను చూడలేదు. వాడు పోయాడు. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు."

"నీకు ఏటనిపిస్తంది?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆవిడ నా పిల్లలిద్దరినీ పెంచిన మనిషి. కానీ ఆవిడ నా కళ్ళలోకే చూస్తోంది.

"అదే అయ్యుంటుందనిపిస్తోంది," అన్నాను.

తలూపింది. ఏడవలేదు. తన చేతులు రెండూ తిప్పి చూసుకుని చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. గుమ్మంలో దేముడమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో నేను గమనించలేదు. పిల్లని గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది.

పున్నమి, పోటు వేళ

వెలిపడవ వచ్చింది. నీళ్ళు మేడల మీదుగా నిండుగా ఉన్నాయి. సరంగు మూతికి గుడ్డ కట్టుకుని దూరం నుంచే అడిగాడు, మాట ఏమిటని. మొండి అని నేననకపోయినా, మూడు తోడులు అయిపోయాయని నువ్వే వాడికి చెప్పావు కదూ గోడా.

"పడిందా, మొండా?"

"రెండూ కాదు," అన్నాను. "నూనె."

"అలాంటి మాట లేదు."

"ఇవాళ్టినుంచి ఉంది."

గరికయ్య నన్ను పక్కకి లాగాడు. "రత్నం, నువ్వు పొరబడితే? ఆ జబ్బు కొండ మీద అంటుకుందంటే ఇంక జన్మలో మనల్ని వాళ్ళ గుమ్మం ఎక్కనివ్వరు. ఒక్క గుంట కోసం అందరికీ దారి మూసేస్తావా?"

కోపమొచ్చింది, కానీ అతను అడిగింది న్యాయమే. సీసా తెచ్చాను, కాగితం తెచ్చాను. పైన తేలుతున్నది వేలితో తీసి కాగితం మీద రాసి ఎండకి ఎత్తి పట్టుకున్నాను. నీటి తడి ఎండిపోయింది. మరక మాత్రం అద్దంలా వెలుతురు చూపిస్తూ ఉండిపోయింది, గారెలు పెట్టిన కాగితంలాగ.

"ఇది పిల్ల ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది పెద్దా. నూనె అంటుకునే జబ్బా?"

అతను కాగితం చేతిలోకి తీసుకోడానికి జంకాడు. తర్వాత తీసుకున్నాడు. వేలితో రుద్దాడు, వాసన చూశాడు. అతని మనవలు కూడా అప్పయ్యమ్మ కాళ్ళ మీదే పెరుగుతున్నారు. ఆ సంగతి గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

"కొండకి పోనీ," అన్నాడు సరంగుతో. "తల్లిని కూడా ఎక్కించుకో. నా మాట."

దేముడమ్మ పడవెక్కింది. పిన్ని దుప్పటి తెచ్చి అందించబోయింది. కోడలు తీసుకోలేదు. అత్త మొహం చూడలేదు. దుప్పటి నేను అందుకుని పడవలోకి విసిరాను. పడవ మేడల మీదుగా పోతుంటే ముత్యాలు దగ్గు కొంచెంసేపు వినపడింది.

బహుళ అష్టమి, పాటు వేళ

మాటపెట్టెలో కబురొచ్చింది. రెండుసార్లు కడిగారు. తెల్లటి పాలలా వచ్చిందట, మీద నూనె. పిల్ల ఇంకా గాలిగొట్టం మీదే ఉంది. ఇంతకంటే ఏమీ చెప్పలేదు.

తెప్ప మీద నూనెచిప్పలన్నీ ఎత్తేశారు. గరికయ్యే ఇంటింటికీ తిరిగాడు. పిల్లల తల్లులు వాళ్ళ పిల్లలకి వాళ్ళే నీళ్ళు పోసుకుంటున్నారు. పిన్ని ఇంట్లోంచి రావట్లేదు. గంజి తీసుకెళ్తే రెండు గుక్కలు తాగి పక్కన పెడుతుంది.

ఇవాళ తనే వచ్చింది, ఈ గదికి. నిన్ను చూపించి అడిగింది.

"ఎల్లాజీ పేరు పక్కన ఇది ఏ మాట రాసుకుంది?"

"మొండి."

"ఆడు మొండోడు కాడు," అంది. "ఆడు ఏడిసీవోడు కూడా కాదు. ఏసిందంతా నోరెత్తకుండా పీల్సుకున్నాడు. ఆ మాట తీసెయ్యి."

"తీసేస్తే ఇంకో మాట చెప్పాలి పిన్నీ. మార్చిన మాట అన్ని మాటపెట్టెల్లోనూ వినపడుతుంది, అందరూ వింటారు. నీ కోడలు కూడా వింటుంది."

"వినాలి. ఆడి పేరు మీద అబద్దం ఉండకూడదు. నానే సెప్తాను, ఎక్కడ సెప్పాలి?"

చూపించాను. ఆవిడ నీ దగ్గరికొచ్చి, నువ్వు చెవిటివాడివన్నట్టు గట్టిగా చెప్పింది. విన్నావు కదా. ఎల్లాజీ, మొండి కాదు, నూనె. ఏసింది నాయనమ్మ అప్పయ్యమ్మ. ఆ మాట ఆవిడ చెప్పిన తీరులోనే ఉంచు. దిద్దకు.

ఆవిడ వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. పెద్దగానే.

అమావాస్య, పోటు వేళ

పడవ వచ్చింది. దేముడమ్మ దిగింది. చేతుల్లో ముత్యాలు చిక్కిపోయి, మెడ నిలబెట్టి, చుట్టూ కోపంగా చూస్తోంది. చెవి ఆనించి విన్నాను. కుడి పక్క కింద సన్నగా గరగర ఉంది, కానీ గాలి ఆడుతోంది. ఇంకా చాలా నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పి పంపింది. గోడా, రాసుకో, ముత్యాలు, నూనె, బతికింది.

దేముడమ్మ నా గదిలో కూర్చుని అడిగింది.

"ఎల్లాజీ మాట మార్చారంట. కొండ మీద కూడా ఇనపడింది. నువ్వేనా అప్పా?"

"నేను కాదు. మీ అత్త. తనే నిలబడి చెప్పింది."

పిల్ల కొంగు లాగుతుంటే లాగనిచ్చింది.

"నాను ఆవిడని శపించని రోజు లేదక్కడ," అంది చివరికి. "కడిగినప్పుడల్లా శపించాను. ఆడి మొహం గుర్తొచ్చినప్పుడల్లా. ఇప్పుడు కూడా కోపం పోలేదు అప్పా. పోద్దో లేదో నాకు తెలీదు."

పోవాలని నేను చెప్పలేదు. నాకేం హక్కుంది.

లేచి పొయ్యి వెలిగించుకుని నీళ్ళు పెట్టుకుంది. వేడయ్యాక బిందె నడుమునెత్తుకుని, పిల్లని ఇంకో పక్కనెత్తుకుని అత్త గుమ్మం ముందుకెళ్ళి నిలబడింది. పిన్ని లోపల మూల కూర్చుని ఉంది, కాళ్ళు ముడుచుకుని.

"అత్తా," అంది దేముడమ్మ. "కాళ్ళు సాపు. నీళ్ళు సల్లారిపోతన్నాయి."

పిన్ని కదలలేదు. చేతులు వెనక దాచుకుంది. దేముడమ్మ బిందె కింద పెట్టింది. అలాగే నిలబడింది. కొంతసేపటికి పిన్ని ఒక కాలు చాపింది, తర్వాత రెండోది. ముత్యాలుని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి దేముడమ్మ పక్కనే కూలబడింది, ఆ చేతుల మీంచి చూపు తిప్పకుండా.

పిన్ని చెంబు ముంచింది. నీళ్ళు పోసింది, మళ్ళీ పోసింది. ముత్యాలు ఊఁ కొట్టింది. ముక్కు దగ్గరికొచ్చేసరికి పిన్ని ఆగి కోడలి వైపు చూసింది. దేముడమ్మ తన కొంగు అంచు తడిపి అత్త చేతిలో పెట్టింది. పిన్ని దాంతోనే పిల్ల ముక్కు తుడిచింది.